పాత నాటకశాలలో కొత్త యంత్రాలు బిగించడం ఎలా: గ్రిడ్ నుంచి పునాది దాకా

బావి గిలక మీద నీళ్లు తోడిన వాళ్ల చేతులకు ఒక లెక్క తెలుసు. చేద, నీళ్లు కలిపి పది కిలోలుంటే తాడును పది కిలోల బలంతో కిందికి లాగాలి. గిలకను మోసే అడ్డకర్ర మీద మాత్రం ఇరవై కిలోలు పడుతుంది. నీళ్ల బరువూ దాని మీదే, మన లాగుడూ దాని మీదే. వందేళ్ల నాటకశాలలో మోటారు వించ్‌లు (తాడును డ్రమ్ముకు చుట్టి బరువు ఎత్తే యంత్రాలు) బిగించబోయే ఇంజనీరు, ఆర్కిటెక్టు, హాలు యజమాని ముగ్గురూ ఆ అడ్డకర్రను మనసులో పెట్టుకుంటే చాలా పొరపాట్లు మొదట్లోనే ఆగిపోతాయి.

ఇక్కడ చెప్పేది ముఖ్యంగా వేదిక పైభాగం గురించి. తెరలు, సీనరీ, లైట్లు వేలాడే బార్లను చేతితాళ్ల నుంచో, కౌంటర్‌వెయిట్ల (సరితూగే ఇనుప దిమ్మల) నుంచో మోటార్లకు మార్చే పని ఇది. ఆ బార్ల తాళ్లు తిరిగే కప్పీలను మోస్తూ వేదిక పైన ఎత్తులో ఉండే చట్రమే గ్రిడ్. తిరుగుడు వేదికలు, లిఫ్టులు దారిలో వచ్చినప్పుడు చెప్తాను. నా పట్టుదల ఒక్కటే: కొత్త యంత్రం పాత గోడలను పట్టుకుని వేలాడకూడదు, తన కాళ్ల మీద తాను నిలబడాలి. యాభై ఏళ్ల తర్వాత ఎవరైనా దాన్ని విప్పి తీసుకెళ్తే భవనం ఇప్పుడున్నట్టే మిగలాలి.

1. ముందు నాటకం, తర్వాత యంత్రం

కేటలాగు తెరవకముందు గత మూడేళ్లలో ఆ వేదిక మీద ఏమేం ఆడాయో రాసుకోండి. పద్య నాటకాలా, నృత్యాలా, కచేరీలా, సన్మాన సభలా? ఒక్కో ప్రదర్శనలో ఎన్ని బార్లు కదిలాయి, ఎంత బరువు ఎత్తారు, ఎంత తొందరగా? ఈ పట్టిక తయారయ్యాక చాలా హాళ్లలో తేలేది ఒకటే. బరువైన లైట్ బార్లకు, పెద్ద సీనరీ బార్లకు మోటారు కావాలి. తేలికైన తెరలకు చెయ్యి చాలు. ముప్పై బార్లుంటే ముప్పైకీ మోటార్లు పెట్టాలన్న రూలేమీ లేదు.

తిరుగుడు వేదిక కావాలని అడిగేవాళ్లకు నేను మ్యూనిక్ కథ చెప్తాను. 1750ల్లో కట్టిన రెసిడెంజ్ థియేటర్‌లో 1896లో కార్ల్ లౌటెన్‌ష్లేగర్ విద్యుత్తుతో తిరిగే వేదిక పెట్టాడు. యూరప్‌లో అలాంటి వాటిలో తొలి వాటిగా దాన్ని చెప్పుకుంటారు. నాకు నచ్చేది అది తిరగడం కన్నా దాన్ని పెట్టిన తీరు: పాత నేల మీద కొద్దిగా ఎత్తులో, గుండ్రటి పట్టాల మీద చక్రాలతో. మన దేశంలో 1933లో కలకత్తా రంగమహల్‌లో సతూ సేన్ తిరుగుడు వేదికను తెచ్చాడు. మీ హాలుకు ఏడాదికి రెండు ప్రదర్శనల్లోనే అది కావాలంటే నేల తవ్వకండి, నేల మీద పరిచి తీసేసే రకం తెచ్చుకోండి. పాత వేదికలు చాలావరకు ప్రేక్షకుల వైపు వాలుగా ఉంటాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. వాలు నేల మీద చక్రాలున్న ప్రతి వస్తువూ ముందుకు జారాలనే చూస్తుంది.

2. భవనాన్ని చదవడం

లేజర్ స్కాన్ చేయించండి, తప్పనిసరి. కానీ స్కాన్‌కు కనిపించేది పైపొర ఒక్కటే. దూలం లోపల చెద తినేసి డొల్లగా ఉందా, గోడ మధ్యలో ఏముంది అన్నవి దానికి తెలియవు.

ఒక ఊళ్లో పాత హాలు పనికి నన్ను సలహా అడిగారు. గోడలు రెండడుగుల పైన మందం, చూస్తే కోటగోడలా ఉన్నాయి. కాంట్రాక్టరు అప్పటికే వించ్‌ల బ్రాకెట్ల కోసం 16 మిల్లీమీటర్ల కెమికల్ యాంకర్లు (బెజ్జంలో జిగురుతో బిగించే బోల్టులు) దించేశాడు. ఒక్కదాన్ని లాగి పరీక్షిద్దామన్నాను. జాకీ ముల్లు కదిలిందో లేదో, బోల్టు బుట్టెడు ఎర్రమట్టితో సహా ఊడి మా కాళ్ల దగ్గర పడింది. బయటా లోపలా ఒక్కో వరస ఇటుక, సున్నం. నడుమ అంతా రాళ్లు, మట్టి నింపి కట్టిన గోడ అది. కోర్ (గోడలోకి తొలిచి తీసే గుండ్రటి ముక్క) తీసి చూసి ఉంటే ఒక్క రోజులో తేలేది. అప్పటి నుంచి కోర్ రిపోర్టు చూపించకుండా గోడలో ఒక్క బెజ్జం కూడా వేయనివ్వను.

కలప దూలాలను మొదట సుత్తితో తట్టి వినండి. గట్టి దూలం ఖంగుమంటుంది, చెద తిన్నది డొల్లగా పలుకుతుంది. ఆ తర్వాత సన్నని సూదితో తొలిచి, అది దిగేటప్పుడు ఎదురయ్యే నిరోధాన్ని గీతగా చూపించే పరికరం వాడండి. తేమ 20 శాతం దాటిన చోట కుళ్లు మొదలయ్యే అవకాశముంది. గోడలో కూరుకున్న దూలం కొసలనే ముందు అనుమానించాలి. పాత ఇనుములో పోత ఇనుముందో, సాగే ఇనుముందో, తొలినాటి ఉక్కుందో శాంపిల్ తీసి తేల్చండి. పోత ఇనుము నొక్కుడును బాగా తట్టుకుంటుంది, లాగితే హెచ్చరిక లేకుండా పగులుతుంది. ఏదన్నది తేలకుండా వెల్డింగ్ రాడ్ దగ్గరికి రానివ్వొద్దు. పాత అగ్నితెరల్లో (మంటలు ప్రేక్షకుల వైపు రాకుండా వేదిక ముందు దించే తెరల్లో) ఆస్‌బెస్టాస్ ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి పరీక్ష అయ్యేదాకా దాన్ని దులపకండి, కోయకండి.

అనుమతుల సంగతి క్లుప్తంగా చెప్తాను. హాలు కేంద్ర రక్షిత కట్టడానికి 100 మీటర్ల లోపు ఉంటే నిషిద్ధ ప్రాంతం, ఆ పైన ఇంకో 200 మీటర్లు నియంత్రిత ప్రాంతం. 1958 నాటి ప్రాచీన కట్టడాల చట్టం, దానికి తర్వాత వచ్చిన సవరణలు వర్తిస్తాయి. తెలంగాణలో 2017 వారసత్వ చట్టం కూడా ఉంది. ఏ జాబితాలోనూ లేని భవనమైతే వారసత్వ పరిరక్షణ సంస్థ ఇంటాక్ 2004లో తెచ్చిన చార్టర్‌ను మీకు మీరే నియమంగా పెట్టుకోండి.

3. పాత యంత్రాన్ని విప్పకముందు

స్టాక్‌హోమ్ దగ్గరి డ్రోట్నింగ్‌హోమ్ కోట నాటకశాల 1766 నాటిది. అది ఏళ్ల తరబడి మూతపడి, సామాన్ల కొట్టుగా మిగిలిపోయింది. 1921లో అగ్నె బెయెర్ అనే పరిశోధకుడు తలుపు తెరిచి చూసేసరికి చెక్క యంత్రాంగమంతా లోపలే ఉంది. వేదిక కింద పెద్ద చెక్క ఇరుసును మనుషులు తిప్పితే రెండు పక్కల సీనరీ రెక్కలన్నీ ఒకేసారి జారి, ప్రేక్షకుల కళ్ల ముందే కొన్ని క్షణాల్లో అడవి కాస్తా రాజమందిరమవుతుంది. ఇప్పటికీ అక్కడ చేత్తోనే తిప్పుతున్నారు. ఎవరో ఒకరు పాతసామాన్ల వాడికి అమ్మేసి ఉంటే ఆ విద్యే పోయేది.

కాబట్టి మోకులు, కప్పీలు, చెక్క డ్రమ్ములు, తాళ్లు కట్టే మేకుల వరస, అన్నిటికీ నంబర్ల బిళ్లలు కట్టండి. ఏ తాడు ఏ కప్పీ మీదుగా ఎటు వెళ్తోందో గీసుకోండి. కదిలే స్థితిలో ఉంటే కదుపుతూ వీడియో తీయండి. అక్కడ పనిచేసిన పాత పనివాళ్లు బతికుంటే వాళ్లను గ్రిడ్ కిందికి తీసుకొచ్చి, చూపిస్తూ మాట్లాడమనండి. లండన్ అలెగ్జాండ్రా ప్యాలెస్‌లోని 1875 నాటి నాటకశాల ఎన్నో దశాబ్దాలు మూతపడి 2018లో తెరుచుకుంది. వేదిక కింది చెక్క యంత్రాలు అక్కడ ఇంకా ఉన్నాయి. వీలైతే పాతదాన్ని దాని చోటే ఉంచి కొత్తది పక్కనుంచి పోనివ్వండి. అలా కుదరనప్పుడే విప్పండి, విప్పినా హాలు దాటించకండి.

4. బరువు ఎటు పోతోంది

ఇక్కడ తొందరపడకండి. ఒక బార్ తీసుకుందాం. బార్, సీనరీ కలిపి 500 కిలోలు, అయిదు తీగతాళ్లు.

చాలామంది ఇంజనీర్లకు మొదట తోచేది ఇది: పాత పైకప్పు బలహీనం, వించ్ బరువైనది, కాబట్టి వించ్‌ను కింద నేల మీద పెడదాం. బావి గిలక గుర్తుందా? వించ్ నేల మీద ఉంటే తాడు పైకెళ్లి, తల కప్పీ (ఒక బార్ తాళ్లన్నీ కలిసి మొదట తిరిగే కప్పీ) తిరిగి, గ్రిడ్ కప్పీల మీదుగా దిగుతుంది. వించ్ లాగే 500, సీనరీ 500 కలిసి పైభాగం మీద వెయ్యి కిలోలు పడతాయి. పైగా వించ్ నేల నుంచి తనను తాను 500 కిలోల బలంతో పీక్కుంటుంది. కౌంటర్‌వెయిట్ పద్ధతిలోనూ ఇంతే: సీనరీ బరువు, దానికి సరితూగే ఇనుప దిమ్మల బరువు రెండూ పైన వేలాడతాయి. వించ్‌నే గ్రిడ్ మీద కూర్చోబెడితే పైన పడేది సీనరీ 500, వించ్ సొంత బరువు, అంతే. పైకప్పు మీద దయ చూపించి వించ్‌ను కిందికి దించినవాడే దానికి ఎక్కువ బరువు ఎత్తుతున్నాడన్నమాట.

ఇక అడ్డబలం. కప్పీ దగ్గర తాడు నిలువు నుంచి అడ్డంగా తిరుగుతుంది కాబట్టి ఒక్కో తాడు 100 కిలోలు మోస్తే కప్పీ మీద కిందికి 100, పక్కకు 100, కలిపి ఏటవాలుగా 141 కిలోలు పడతాయి. అయిదు కప్పీలు కలిసి తల కప్పీ వైపు 500 కిలోలతో జరగాలని చూస్తాయి, తల కప్పీ అంతే బలంతో వీటి వైపు రావాలని చూస్తుంది. ముప్పై బార్లు నిండితే 15 టన్నుల లెక్క. తల కప్పీలను ఒక గోడకు, గ్రిడ్‌ను ఇంకో గోడకు కట్టారో, ఆ 15 టన్నులు మట్టి నింపిన గోడలను రోజూ లోపలికి లాగుతాయి. రెంటి మధ్యా గట్టి ఉక్కు అడ్డదూలాలు బిగిస్తే ఆ లాగుడు ఫ్రేములోనే తీరిపోతుంది, గోడ దాకా రాదు.

అయిదు తాళ్లూ వంద చొప్పున సమంగా మోస్తాయని కూడా అనుకోకండి. బరువు బార్ పొడవునా సమంగా పరచుకుని, తాళ్లు సమదూరంలో, చివరివి సరిగ్గా కొసల్లో ఉంటే కొస తాళ్లు 50 కిలోల లోపే మోస్తాయి. రెండోది, నాలుగోది మాత్రం 143 చొప్పున మోస్తాయి. తాడును, కప్పీని ఆ 143 కోసం ఎంచుకోవాలి. అందుకే నేను తాళ్లను కొసల నుంచి కొంచెం లోపలికి జరుపుతాను.

చివరగా ఆగుడు. సెకనుకు 1.2 మీటర్ల వేగంతో దిగుతున్న బార్‌ను ఎమర్జెన్సీ బటన్ 0.3 సెకన్లలో ఆపిందనుకోండి. ఆ క్షణంలో 500 కిలోల సీనరీ 700 కిలోల దానిలా లాగుతుంది. ఎమర్జెన్సీ బటన్ ఒక్కో బార్‌కు విడిగా ఉండదు, నొక్కితే కదులుతున్నవన్నీ ఒకేసారి ఆగుతాయి. పాత చేతితాడుతో ఈ కుదుపు ఉండేది కాదు, ఎందుకంటే మనిషి చెయ్యి మెల్లగా బిగిస్తుంది. పాత భవనానికి ఇది కొత్త అనుభవం. స్ట్రక్చరల్ ఇంజనీరుకు ఈ అంకెను విడిగా రాసివ్వండి.

5. సొంత కాళ్లు

లెక్క తేలాక నా సిఫారసు దాదాపు ఎప్పుడూ ఒకటే: వేదిక నాలుగు మూలలా ఉక్కు స్తంభాలు, వాటి మీద కొత్త గ్రిడ్, గోడలకు వేలెడు సందు. మన సురభి వాళ్లు ఈ పద్ధతిని ఎప్పటి నుంచో పాటిస్తున్నారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాలు తమ గుంజలు, తమ తెరలు, తమ తాళ్లు తామే మోసుకెళ్లి, ఊరూరా తమ వేదిక తామే నిలబెట్టుకున్నారు. ఆట ముగిశాక విప్పుకుని వెళ్లిపోయారు. ఘటోత్కచుడి మాయలన్నీ ఆ సొంత గుంజల మీదే చూపించారు.

స్తంభాలకు పునాది కావాలి. పాత గోడల పునాదులు లోతు తక్కువ, వాటి పక్కనే పెద్ద గొయ్యి తవ్వితే గోడ కుంగుతుంది. మైక్రోపైళ్లు (నేలలోకి లోతుగా దిగే సన్నని పునాది స్తంభాలు) వాడండి. దిమ్మెతో కొట్టి దించే రకం వద్దు, తొలిచి నింపే రకం కావాలి. ఉక్కు ముక్కల పొడవును సామాన్ల తలుపు కొలతే నిర్ణయిస్తుంది. అన్నీ బోల్టు కీళ్లే పెట్టించండి, దానికి కారణం ఏడో భాగంలో ఉంది.

మిలాన్ లా స్కాలా వేరే దారి పట్టింది. 1778 నాటి ఆ నాటకశాలను 2002 నుంచి 2004 దాకా మూసి, వేదిక భాగాన్ని దాదాపుగా తీసేసి, ఆర్కిటెక్టు మారియో బొట్టా గీసిన కొత్త టవర్ (వేదిక పైన ఎత్తుగా లేచే భాగం) కట్టారు. ప్రేక్షకుల హాలు, ముఖద్వారం నిలిచాయి. పరిరక్షణవాదులు గట్టిగా ఎదిరించారు. ఏడాది పొడవునా ఒపేరాలు మార్చి మార్చి ఆడే సంస్థకు ఆ అవసరం ఉందని నేను ఒప్పుకుంటాను. ఆరువందల సీట్ల జిల్లా హాలుకు మాత్రం ఆ ఉదాహరణ చూపించి పాత వేదికను కూలగొట్టే హక్కు ఎవరికీ లేదు.

6. యంత్రాల ఎంపిక

బ్రేకులు రెండుండాలి, ఏ ఒక్కటైనా మొత్తం బరువును ఒంటరిగా ఆపగలగాలి. కరెంటు ఉన్నంతసేపే బ్రేకు తెరుచుకోవాలి, పోగానే స్ప్రింగు దాన్ని బిగించేయాలి. అధిక బరువును పసిగట్టే లోడ్‌సెల్, తాడు వదులైతే ఆపే స్విచ్, పైనా కిందా మామూలు హద్దు స్విచ్, దాన్ని దాటితే కరెంటునే తెంచే ఆఖరి స్విచ్, వీటిలో ఏదీ 'తర్వాత పెట్టుకుందాం' అనేది కాదు. తాడు వదులు స్విచ్ విలువ చాలామందికి తెలియదు. దిగుతున్న బార్ పక్క సీనరీ మీద ఆనుకుంటే తాడు వదులవుతుంది. మోటారు వదులుతూనే ఉంటుంది. ఆ సీనరీ పక్కకు తప్పుకోగానే బార్ ఒక్కసారిగా పడుతుంది.

మనుషుల తలల మీద వేలాడే బరువుకు తాడు తెగే బలం కనీసం పది రెట్లు ఉండేలా చూసుకుంటాను. 6 మిల్లీమీటర్ల మంచి తీగతాడు రెండు టన్నుల చుట్టుపక్కల తెగుతుంది కాబట్టి మన 143 కిలోలకు అది హాయిగా సరిపోతుంది. కప్పీ వ్యాసం తాడు మందానికి ఇరవై రెట్లు, అంటే ఇక్కడ 120 మిల్లీమీటర్లు. అంతకన్నా చిన్న కప్పీ మీద తాడు లోపలి తీగలు అలసి తెగుతాయి, పైకి కనిపించదు. కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్లలో గాల్వనైజ్డ్ తాడే వాడండి. టెండరులో యూరప్ ప్రమాణం ఈఎన్ 17206 పేరు రాయండి, కంట్రోల్ వ్యవస్థ భద్రత స్థాయిని దాని ప్రకారమే అడగండి.

చప్పుడు గురించి ఎవరూ ముందు అడగరు, తర్వాత అందరూ తిడతారు. గ్రిడ్ మీది మోటార్ల కింద రబ్బరు దిండ్లు వేయండి. ఇన్వర్టర్ డ్రైవ్‌లకు (మోటారు వేగాన్ని మార్చే పరికరాలకు) వేరే గది, వాటి కేబుళ్లకు సౌండ్ కేబుళ్లకు దూరంగా వేరే దారి ఇవ్వకపోతే పద్యం మధ్యలో స్పీకర్లు గుయ్‌మంటాయి.

7. నిప్పు

1994 జనవరి 31న బార్సిలోనాలో లిసేయు ఒపేరా హౌస్ కాలిపోయింది. మంటలను ఆపడానికి పెట్టిన ఇనుప తెరనే రిపేరు చేస్తుండగా లేచిన నిప్పురవ్వలు పక్క తెరలకు అంటుకున్నాయి. మళ్లీ తెరుచుకునేసరికి 1999. వెనిస్‌లో లా ఫెనీచే 1996 జనవరి 29న మరమ్మతులు జరుగుతుండగానే కాలిపోయింది. నిప్పు పెట్టినవాళ్లు అక్కడ పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్లే. పక్క కాలువలను పూడిక తీయడానికి ఎండగట్టి ఉంచడంతో అగ్నిమాపక పడవలు దగ్గరికి రాలేకపోయాయి. నాటకశాలకు ఆట రోజు కన్నా రిపేరు రోజే గండం.

అందుకే బోల్టు కీళ్లన్నాను. కోత, వెల్డింగ్ అంతా బయట షెడ్డులో జరగాలి. తప్పనిసరై లోపల చేస్తే తెరలన్నీ బయటికి పంపి, రాతపూర్వక అనుమతి తీసుకుని, పని ముగిశాక కూడా కనీసం గంటసేపు ఒక మనిషిని కాపలా పెట్టండి. పొగ అలారం, నీటి లైను పనుల కాలమంతా పనిచేస్తూనే ఉండాలి.

1903లో షికాగో ఇరాక్వా థియేటర్‌లో అగ్నితెర సగంలో ఇరుక్కుని ఆరువందల మందికి పైగా చనిపోయారు. అగ్నితెర దిగే గీత మీదుగా కొత్త కేబుల్ గానీ, బార్ గానీ, స్పీకర్ గానీ దాటకూడదు. వేదిక పైకప్పులో పొగ వెళ్లే కిటికీలను కొత్త గ్రిడ్ మూసేయకూడదు.

8. బిగింపు

మొదట కాపుదల. వేదిక నేల మీద ప్లైవుడ్, ప్రొసీనియం తోరణం (వేదిక ముందరి చట్రం) సున్నపు పూల మీద మెత్తటి కవచం. పరంజా తన కాళ్ల మీదే నిలవాలి. గోడల్లో ఉన్న పగుళ్ల మీద సన్నని గాజుపట్టీలు అంటించి తేదీ రాయండి. పట్టీ చిట్లితే ఆ రోజు పని ఆగాలి, ఇంజనీరు వచ్చి చూశాకే మళ్లీ మొదలవ్వాలి. ఇది పాతకాలపు పద్ధతే గానీ, ఎలక్ట్రానిక్ సెన్సర్లు పెట్టినా నేను గాజుపట్టీలు మానను, ఎందుకంటే వాటిని మేస్త్రీ కూడా చదవగలడు.

పైన పని జరుగుతుంటే కింద ఎవరూ ఉండకూడదు. గ్రిడ్ ఎత్తు నుంచి జారిన నట్టు కూడా ప్రాణం తీస్తుంది, ప్రతి పనిముట్టుకూ తాడు కట్టుకోవాలి.

9. పరీక్ష

ప్రతి బార్‌కు విడిగా, కాగితం మీద. కదలకుండా 1.25 రెట్లు బరువు, కదిలిస్తూ 1.1 రెట్లు. నీళ్ల సంచులు లేదా తూచిన దిమ్మలు వాడండి. అందాజాగా పేర్చిన ఇసుక బస్తాలు వద్దు. నిండు బరువుతో, నిండు వేగంతో దించుతూ ఎమర్జెన్సీ బటన్ నొక్కండి, తర్వాత అదే స్థితిలో మెయిన్ స్విచ్ తీసేయండి. రెండు బ్రేకుల్లో ఒకదాన్ని పనిచేయకుండా చేసి రెండోదొక్కటే ఆపుతుందో లేదో చూడండి, తర్వాత తారుమారు చేయండి. బార్ కింద బల్ల పెట్టి ఆనించి తాడు వదులు స్విచ్‌ను పరీక్షించండి. ఇదంతా అయ్యాక ఒక ఇంజనీరును పక్క గోడల దగ్గర నిలబెట్టి అన్ని బార్లనూ ఒకేసారి ఆపండి. గాజుపట్టీలు మళ్లీ చూడండి.

10. నడిపే మనుషులు

ఆపరేటర్ కూర్చునే చోటి నుంచి బార్ కనిపించాలి. కెమెరా తోడుగా ఉండొచ్చు గానీ కంటికి బదులు కాదు. బటన్ మీద వేలు ఉన్నంతసేపే కదిలే పద్ధతి పెట్టండి. పాత తాళ్ల మనిషిని ఇంటికి పంపేయకండి. తాడు చప్పుడులో తేడా, తెర ఊగే తీరు అతనికి తెలిసినట్టు ఏ సెన్సర్‌కూ తెలియదు. ఒక్క బార్‌నైనా పాత మోకుల మీదే నడిచేలా ఉంచి, కొత్త పిల్లలకు దాని మీదే మొదటి పాఠం చెప్పించండి. తాళ్లు, బ్రేకులు, కప్పీల తనిఖీ ఏడాదికొకసారి బయటి నిపుణుడితో చేయించి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టించండి.

ఆ లాగ్‌బుక్ మొదటి పేజీలో ఒక ఫొటో అంటించండి. పాత గ్రిడ్ దూలం మీదో, తాళ్ల మేకుల పక్కనో సుద్దతో, బొగ్గుతో గీసిన గుర్తులు కనిపిస్తాయి: ఏ తెర ఎక్కడి దాకా దిగాలో పనివాళ్లు ఏళ్ల తరబడి దించి, సరిచూసి పెట్టుకున్న కొలతలు. వాటిని టేపుతో కొలిచి, కొత్త కంప్యూటర్‌లో మొట్టమొదట ఆ అంకెలే ఎక్కించండి.